అమ్మకు అల్జీమర్స్. పిల్లలం ఏపీఓఈ పరీక్ష చేయించుకోవాలా?

గుడ్లగూబ:
అమ్మకు 74వ ఏట అల్జీమర్స్ అని తేలింది, ఇంకా తొలి దశే. మనమూ జన్యు పరీక్ష చేయించుకుందాం అని తమ్ముడి పోరు. నాకు మనసొప్పడం లేదు. డీఎన్‌ఏ నిర్మాణం కనుక్కున్నవాళ్ళలో ఒకడైన జేమ్స్ వాట్సన్ 2007లో తన జన్యుక్రమమంతా బయటపెట్టి, అల్జీమర్స్ ముప్పు గురించి చెప్పే ఈ ఏపీఓఈ జన్యువును మాత్రం దాచమన్నాడు. ఆయనకే వద్దనిపించింది, నేనెంత?

నీలిసిరా:
వాట్సన్‌ను అడ్డం పెట్టుకోకండి. అల్జీమర్స్ రోగుల పిల్లల్లో కొందరికి ఏపీఓఈ ఫలితం చెప్పి, కొందరికి చెప్పకుండా అమెరికాలో ఏడాదిపాటు గమనించారు. 2009లో అచ్చయింది. ఆందోళన, కుంగుబాటు రెండు జట్లలోనూ దాదాపు ఒకటే. ఊహించుకున్నంత భయం ఉండదు.

పాతచెప్పు:
తీవ్రమైన ఆందోళన, కుంగుబాటు ఉన్నవాళ్ళను అందులో చేర్చుకోనేలేదు. పైగా కౌన్సెలింగ్ ఇచ్చి మరీ చెప్పారు. ఇంట్లో గొట్టంలో ఉమ్మి పంపి, రాత్రి పదింటికి ఫోన్‌లో ఫలితం చూసుకోవడం అలాంటిదేనా?

మూడోగది:
రెండు సంగతులు కలగాపులగం చేస్తున్నారు. ఏపీపీ, ప్రెసెనిలిన్ 1, ప్రెసెనిలిన్ 2 జన్యువుల్లో వ్యాధి తెచ్చే మార్పు ఉంటే చాలామటుకు 65 లోపే జబ్బు బయటపడుతుంది, పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. కానీ మొత్తం రోగుల్లో వాళ్ళు 1 శాతం కూడా ఉండరు. 74లో వచ్చిందంటే అది కాకపోవచ్చు. ఏపీఓఈ జన్యువులో ఈ4 అనే రకం అలా కాదు, ముప్పు పెంచుతుందంతే. ప్రతి ఒక్కరికీ ఈ జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలుంటాయి. ఈ4 ఒక కాపీకి సుమారు 3 రెట్లు, రెండుంటే 8 నుంచి 12 రెట్లు. ఈ లెక్కలు కూడా ఎక్కువగా ఐరోపా సంతతివాళ్ళవి. ఆఫ్రికా మూలాలున్నవాళ్ళలో ఈ4 ప్రభావం అంత ఉండదు. ఈ4 ఉండీ జబ్బు రానివాళ్ళున్నారు, లేకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారు.

గుడ్లగూబ:
అదే నేననేది. తెలుసుకుని చేసేదేముంది? బీపీ, షుగర్, చెవుడు చూసుకోమంటారు. అవి ఎలాగూ చూసుకోవాల్సినవే.

నీలిసిరా:
మందు లేదన్నది పాత మాట. లెకానెమాబ్‌కు 2023లో అమెరికా పూర్తి ఆమోదం ఇచ్చింది. జబ్బును ఆపదు, కాస్త నెమ్మదింపజేస్తుంది.

మూడోగది:
అది ఇచ్చేది తొలి దశ రోగులకు, అంటే అమ్మకు. ఈ4 రెండు కాపీలున్నవాళ్ళకు ఆ మందుతో మెదడులో వాపు, రక్తస్రావం ఎక్కువ. అందుకే మొదలుపెట్టేముందు ఏపీఓఈ చూడమంటారు. గుడ్లగూబ గారూ, ఇక్కడే మెలిక ఉంది. అమ్మకు రెండూ ఈ4 అని వస్తే, మీ ఇద్దరికీ తలా ఒకటైనా ఉన్నట్టే. మీరు ఒక్క చుక్క రక్తం ఇవ్వకుండానే.

గుడ్లగూబ:
ఈ సంగతి నాకు తట్టలేదు. గురువారం డాక్టరు ఆ మందు గురించే రమ్మన్నారు. అమ్మ కాగితాలన్నీ చూసేది నేనే.

పాతచెప్పు:
ఆ ఒక్క రిపోర్టు తమ్ముణ్ణి చూడమనండి.