గ్రీసులో జరిగినదాన్ని ‘పొదుపు’ అనవచ్చా?

అనువాదకురాలు: మాస్టారూ, నమస్కారం. 2010 తర్వాత అప్పుల్లో కూరుకుపోయిన గ్రీసు పరిస్థితి గురించిన వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. ‘ఆస్టెరిటీ’ (లోటు తగ్గించడానికి ప్రభుత్వ ఖర్చులు కోయడం) అని వచ్చిన చోటల్లా మన పత్రికలు వాడే ‘పొదుపు చర్యలు’ అనే రాసుకుంటూ వచ్చాను. ‘పొదుపు చర్యల వల్ల ఆస్పత్రుల్లో మందులు కరువయ్యాయి’ అన్న వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయింది. పొదుపు చేస్తే కరువు తీరాలి గానీ రావడమేమిటి? దీనికి వేరే మాట ఉందా?

తెలుగు మాస్టారు: అమ్మా, నీ చెయ్యి ఆగవలసిన చోటే ఆగింది. ఆ మాట తప్పు. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది.

పొదుపు అంటే మనకు ఏమిటి? మా అమ్మ మెంతుల డబ్బాలో పది రూపాయల నోట్లు చుట్టి దాచేది. పరీక్ష ఫీజుకు తీసి ఇస్తే నోటుకు మెంతుల వాసన వచ్చేది. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టి పెట్టుకున్నవి పొదుపు సంఘాలు. తన సంపాదనలోంచి, తన ఇష్టంతో, రేపటి తన అవసరానికి దాచుకునేది పొదుపు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పేరు దానికి చెల్లదు.

మన వ్యాకరణం ఈ తేడాను ఎంత చక్కగా పట్టుకుంటుందో చూడు. ‘నోరు కట్టుకుని’ పిల్లల్ని చదివించారంటాం. అందులోని ‘కొను’ చూశావా, పని చేసేవారూ ఫలం అనుభవించేవారూ ఒకరేనని అదే చెబుతోంది. ఎదుటివాడి జీతం తగ్గిస్తే మాత్రం ‘పొట్ట కొట్టారు’ అంటాం. అక్కడ ‘కొను’కు చోటు లేదు. 2010 మేలో యూరో వాడే దేశాలు, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) 11,000 కోట్ల యూరోల అప్పుకు ఒప్పుకుంటే, దానికి యూరోపియన్ కమిషన్, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు, ఐఎంఎఫ్ కలిసి పెట్టిన షరతులు ఈ రెండో రకానివి. జీతాలు, పింఛన్లు, ఆస్పత్రుల నిధులు అన్నీ కోశారు. 2013 జూన్‌లో ప్రభుత్వ ప్రసార సంస్థను రాత్రికి రాత్రి మూసేశారు, ఇళ్లలో టీవీ తెరలు నల్లబడ్డాయి.

ఒక్క మనిషి సంగతి చెబుతాను. 2012 ఏప్రిల్ 4న ఏథెన్స్‌లో, పార్లమెంటుకు ఎదురుగా ఉన్న సింటగ్మా చౌకులో 77 ఏళ్ల విశ్రాంత ఫార్మసిస్టు ప్రాణం తీసుకున్నాడు. ప్రభుత్వ సాయం లేకుండా 35 ఏళ్లు తానే చెల్లించి సంపాదించుకున్న పింఛనును తుడిచిపెట్టారనీ, తిండి కోసం చెత్తకుండీలు వెతికే రోజు రాకముందే గౌరవంగా వెళ్లిపోతున్నాననీ ఆయన దగ్గర దొరికిన ఉత్తరంలో ఉంది. ముప్పై అయిదేళ్లు ఆయన చేసింది పొదుపు. దాన్ని లాక్కున్న పనికి కూడా మనం అదే పేరు పెడితే ఎట్లా?

మూలపదం పుట్టుక కూడా తెలుసుకోదగ్గది. ‘ఆస్టెరిటీ’కి మూలం గ్రీకు మాట ‘ఆస్తెరోస్’. నాలుకను ఎండగట్టి ముడుచుకుపోయేలా చేసే రుచి అని దాని పాత అర్థం. లేత జామపిందె కొరికితే కలిగేది, అంటే మన వగరు! అది కాఠిన్యానికి పేరై, లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషు చుట్టి వచ్చి చివరికి పుట్టింటి మీదే పడింది. అయితే గ్రీకులు ఈ విధానాన్ని ఆ మాటతో పిలవరు, ‘లితోతిత’ అంటారు. నిరాడంబరత అని అర్థం. జర్మన్లు వాడే మాటలోనూ ఉన్నది ‘పొదుపు’ అనే ధాతువే. కోతకు సద్గుణం పేరు పెట్టడం వేరే భాషల్లోనూ జరిగింది, మనం కూడా చేయనక్కర్లేదు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి: మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. అప్పు చేసి పప్పు కూడు తిన్న దేశం తర్వాత నోరు కట్టుకోక తప్పుతుందా? యూరోపియన్ యూనియన్ దేశాల బడ్జెట్ లోటు జీడీపీలో మూడు శాతం దాటకూడదన్న నియమం ముందే ఉంది కదా!

తెలుగు మాస్టారు: గ్రీసు ప్రభుత్వం లెక్కలు దాచింది, కాదనను. 2009 చివర అసలు లోటు బయటపడేసరికి అందరూ నివ్వెరపోయారు. కానీ అదే కత్తి స్పెయిన్ మీద కూడా పడింది కదండీ. 2007లో స్పెయిన్ బడ్జెట్ మిగులులో ఉంది, అప్పు జీడీపీలో 40 శాతం లోపే. దాన్ని ముంచింది ఇళ్ల వ్యాపారం, బ్యాంకులు. గ్రీసుకు ఇచ్చిన అప్పులో కూడా చాలా భాగం పాత అప్పుల వాళ్లకే తిరిగి వెళ్లింది. పప్పు కూడు ఎవరు తిన్నారో కాస్త చూడాలి.

ఇక మూడు శాతం. అది 1981లో ఫ్రాన్స్ బడ్జెట్ శాఖ అధికారులు గంటలోపు అనుకున్న అంకె. దాని వెనక ఏ ఆర్థిక సిద్ధాంతమూ లేదని వారిలో ఒకరు తర్వాత తామే చెప్పారు. అదే 1992లో, యూరోకు దారి వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందంలోకి ఎక్కింది. ప్రభుత్వ లోటుకు హద్దు పెట్టే మన ఎఫ్‌ఆర్‌బీఎం చట్టంలోనూ అదే అంకె ఉంది కాబట్టి మీకు అలవాటే. 2003లో ఫ్రాన్స్, జర్మనీలే దాన్ని దాటితే చర్యలు ఆపేశారు. అందుకే దీన్ని ‘నియమం’ అనడానికి కూడా నాకు మనసొప్పదు. నియమం ఎవరికి వారు పెట్టుకునేది, ఉపవాసం లాగా. ఇది నిబంధన. అదీ బలహీనుడికే వర్తించిన నిబంధన.

మీరు బ్యాంకులో పని చేసినవారు, ఈ లెక్క నాకంటే బాగా తెలుస్తుంది. ఒక ఇల్లు ఖర్చు తగ్గించుకుంటే నాలుగు డబ్బులు మిగులుతాయి. ఊరంతా ఒకేసారి తగ్గిస్తే కిరాణా కొట్టు మూతపడుతుంది, కొట్టువాడు బాకీ కట్టలేడు. ఒక యూరో కోస్తే ఉత్పత్తి సుమారు అర యూరో తగ్గుతుందని అంచనాలు వేశారు. నిజానికి 0.9 నుంచి 1.7 దాకా తగ్గి ఉండవచ్చని 2012 అక్టోబరులో ఐఎంఎఫ్ తానే ఒప్పుకుంది. గ్రీసు ఆర్థిక వ్యవస్థ దాదాపు పాతిక శాతం కుంచించుకుపోయింది. 2009లో జీడీపీలో సుమారు 127 శాతంగా ఉన్న అప్పు, 2012లో కొంత రద్దు చేసిన తర్వాత కూడా, 2014 నాటికి 180 శాతానికి చేరువైంది. మిగిలిందేమీ లేనప్పుడు పొదుపు అని ఎలా అంటాం?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి: ఆ 180 సంగతి నేను ఆలోచించలేదు. ‘ఖర్చుల కోత’ అంటే సరిపోతుందేమో. కరెంటు కోత, జీతాల కోత అని అందరికీ తెలిసిన మాటే.

తెలుగు మాస్టారు: సరిపోతుంది. ‘విధించిన కోత’ అంటే ఇంకా మేలు. ఎవరు విధించారో కూడా అదే వాక్యంలో రాయమ్మా, కర్త లేకుండా వదలకు.

అనువాదకురాలు: వ్యాసమంతా మార్చాను మాస్టారూ. ‘అప్పు ఇచ్చినవారు విధించిన ఖర్చుల కోత వల్ల ఆస్పత్రుల్లో మందులు కరువయ్యాయి’ అని రాశాను. ఆ ఫార్మసిస్టు ప్రస్తావన నా వ్యాసంలోనూ ఉంది. ‘పొదుపు’ అనే మాటను ఆయన ముప్పై అయిదేళ్ల దగ్గర ఒక్కచోటే ఉంచాను.