ట్యాంకు నిండే ముందు సెన్సర్‌కి పిచ్చెక్కుతోంది

మల్కాజిగిరిలో మా పై ట్యాంకుకి ఈఎస్‌పీ32 (చిన్న కంట్రోలర్ బోర్డు), జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ సెన్సర్ (శబ్దం పంపి, దాని ఎకో తిరిగొచ్చే టైముతో నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచేది) పెట్టాను. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నవే. సగం దాకా లెక్క సరిగ్గానే వస్తుంది, నిండబోతుంటే అంకెలు ఎగిరెగిరి పడుతున్నాయి. నిన్న మోటారు ఆగక నీళ్లు మెట్ల మీదుగా గేటు దాకా వచ్చాయి. అమ్మ చీపురుతో నిలబడింది, నాకోసమే!

జవాబు: మూతకే బిగించారా? 20 సెంటీమీటర్లకన్నా దగ్గరిది దానికి కనబడదండీ.

జవాబు: పైపులో మాత్రం దింపకండి. నేను చేసి చూశా, గోడలకు తగిలి తప్పుడు ఎకో వచ్చింది. అన్నట్టు, సెన్సర్‌కి 5 వోల్టులిస్తే ఎకో పిన్ కూడా 5 ఇస్తుంది, ఈఎస్‌పీ పిన్‌కి 3.3 మించకూడదు. అది తగ్గించడానికి మధ్యలో 1కే, 2కే (కిలో ఓమ్) రెసిస్టర్లు వేశారా?

అడిగినవారు: మూతకే బిగించా. మోటారు ఆగే కటాఫ్ 12 సెంటీమీటర్ల దగ్గర పెట్టా, అదీ సంగతి! 30కి మార్చా. రెసిస్టర్లా... రేపు కోఠి వెళ్తా.