బడ్జీల పంజరంలో కుండ ఏడాదంతా ఉంచాలా, తీసెయ్యాలా?

బాల్కనీ పిట్టలు (విజయవాడ):
మా దగ్గర రెండు జతల బడ్జీలున్నాయి, అవేనండీ పంజరాల్లో పెంచే చిన్న రకం చిలకలు. షాపాయన పంజరంతో పాటు మట్టికుండలు కూడా ఇచ్చి, ఇవి లేకపోతే పిట్టలు బెంగ పెట్టుకుంటాయన్నాడు. ఇప్పుడు ఒక ఆడది పిల్లలు బయటికి వచ్చీ రాకముందే మళ్లీ గుడ్లకు కూర్చుంటోంది. కుండ తీసెయ్యమని మా ఆడపడుచు, పాపం వాటి ఇల్లు కదా అని మా వారు. ఏం చెయ్యమంటారు?

కొర్రల సంచి (ఖమ్మం):
తీయకండమ్మా. కుండ ఉంటే పిట్టకు ధైర్యం. చలికాలం రాత్రి ఎక్కడ తలదాచుకుంటుంది? తీసేస్తే పంజరం అడుగునే గుడ్డు పెడుతుంది, పగిలిపోతుంది. నేను ఏళ్లుగా ఉంచుతున్నాను, పిట్టలు హుషారుగానే ఉన్నాయి.

పచ్చరెక్క (హైదరాబాద్):
ఖమ్మం అన్నా, పెంపకంలో మీ అనుభవం పెద్దదే, కానీ ఈ మాట ఒప్పుకోలేను. బడ్జీల సొంతూరు ఆస్ట్రేలియా మెట్ట ప్రాంతాలు. అక్కడ అవి పడుకునేది చెట్ల కొమ్మల మీద. యూకలిప్టస్ తొర్రల్లోకి దూరేది గుడ్లు పెట్టడానికే. అదీ వానలు పడి గడ్డి గింజ పట్టినప్పుడు. వాన లేకపోతే గుంపులు గుంపులుగా వేరే చోటికి ఎగిరిపోతాయి.

మన ఇంట్లో గిన్నె నిండా కొర్రలు, పక్కనే కుండ, హాల్లో రాత్రి పదకొండు దాకా టీవీ వెలుగు. ఆ పిట్ట లెక్కలో ఏడాదంతా వానాకాలమే. ఇక ఆగమంటే ఎలా ఆగుతుంది?

ఒక్కో విడతకు నాలుగు నుంచి ఆరు గుడ్లు, రోజు మార్చి రోజు పెడుతుంది. సుమారు 18 రోజులు పొదుగుతుంది. పిల్లలు కుండ దాటడానికి ఇంకో ఐదు వారాలు. మొత్తం 30, 40 గ్రాముల ప్రాణి. ప్రతి గుడ్డు పెంకుకూ కాల్షియం దాని ఒంట్లోంచే పోవాలి, కొర్రల్లో చూస్తే కాల్షియం చాలా తక్కువ. ఆ లోటు పెరిగితే గుడ్డు లోపలే ఇరుక్కుంటుంది. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని, తోక పైకీ కిందికీ ఆడిస్తూ ముక్కుతుంటే అదే అనుకోండి. రేపు చూద్దాంలే అనకూడదు. వెచ్చగా ఉంచి వెంటనే పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

కొర్రల సంచి:
అందుకేగా నేను కాల్షియం కోసం కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని తెల్లటి పెంకు) పెడతాను, మునగాకు వేస్తాను, పొద్దుటి ఎండ చూపిస్తాను. తిండి సరిగా పెట్టకుండా కుండను అంటే ఎలా? జతను కలిపి పెట్టి పిల్లలు వద్దనడం నాకైతే అన్యాయంగా తోస్తుంది.

పచ్చరెక్క:
మునగాకు, కటిల్ బోన్, ఎండ మూడూ కావాలి, అందులో మీతో వాదన లేదు. ఎండ అద్దం వెనకనుంచి వస్తే మాత్రం లాభం లేదు. పిల్లలే వద్దని కూడా నేననను. ఏడాది నిండిన ఆరోగ్యమైన ఆడదానికి ఏడాదిలో ఒకటి, మహా అయితే రెండు విడతలు. తర్వాత కుండ తీసి, ఆ తల్లికి ఒళ్లు కూడదీసుకునే టైమివ్వండి. రెండు జతలు ఒకే పంజరంలో ఉంటే ఇంకో తంటా. కుండ కోసం ఆడపిట్టలు రక్తం వచ్చేలా పొడుచుకుంటాయి.

అడుగున గుడ్డు పెడుతుందన్న మాట నిజమే. పెట్టిన గుడ్డు పెట్టినట్టు తీసేస్తే ఇంకా పెడుతుంది. ఉడికించి, చల్లార్చి అక్కడే ఉంచితే కొన్నాళ్లు కూర్చుని తనే విసిగి వదిలేస్తుంది. సాయంత్రం చీకటి పడగానే పంజరం మీద పల్చటి బట్ట కప్పి పది, పన్నెండు గంటలు నిద్రపోనివ్వండి. చలి భయమైతే గాలి కొట్టని మూల చాలు.

బాల్కనీ పిట్టలు:
మా కుండలో ఇప్పుడు ఈకలు రాని పిల్లలున్నాయండీ. ఇప్పుడే తీయాలా?

పచ్చరెక్క:
అయ్యో, వద్దు! పిల్లలు బయటికి వచ్చి, తమంతట తాము గింజ ఒలుచుకు తినేదాకా కదిలించకండి. ఈలోపే తల్లి మళ్లీ గుడ్డు పెడితే ఉడికించి అక్కడే ఉంచండి.

కొర్రల సంచి:
ఎండాకాలం కుండ తీసేస్తానులే. మే నెలలో అందులో పిల్లలు ఉడికిపోతాయి, అది నేనూ చూశాను. వానలు మొదలయ్యాక మాత్రం పెడతాను. ఆ ఒక్కటి మార్చుకోను.