డిస్కో బేస్‌కి ఒక్క వేలు చాలదా?

మారతహళ్లి_కుర్రాడు:
ఆర్నెల్లుగా బేస్ గిటార్ నేర్చుకుంటున్నా. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి పడాల్సిందేనంటారు మా మాస్టారు. ఒకే వేలు వరసగా రెండుసార్లు పడిందంటే పాట మళ్లీ మొదట్నుంచి. నాకేమో చూపుడువేలు ఒక్కదానితోనే గ్రూవ్ (పాట ఊపు) కుదురుతోంది. మధ్యవేలు కలిపానా, కుంటిగుర్రమే. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకి బేసిస్టు జేమ్స్ జామర్సన్ ఒక్క చూపుడువేలితోనే కదా వాయించింది? ఆ వేలికి ‘ది హుక్’ అని పేరు కూడా పెట్టారు. మరి నాకెందుకీ శిక్ష?

వడపళని_పాతకాపు:
తమ్ముడూ, జామర్సన్ చేయి ముందు నిలువు బేస్ మీద రాటుదేలింది. ఆ లావు తీగలు లాగిన వేలికి ఫెండర్ ప్రెసిషన్ బేస్ గిటార్ ఒక లెక్కా? నీ వేలు ఆర్నెల్లది.

లెక్క చూసుకో. డిస్కో పాట నిమిషానికి 120 బీట్లనుకుందాం. బీటుకి నాలుగు నోట్లు వేస్తే సెకనుకి 8. ఒక్క వేలితో ఒక పాటంతా లాగగలవా? చెన్నైలో పెళ్లి రిసెప్షన్లకి ఇరవై ఏళ్లు వాయించా. మొదట్లో నాదీ ఒంటివేలు వాటమే. మూడో పాటకి ముంజేయి రాయిలా బిగుసుకుపోయేది, నాలుగో పాటకి కీబోర్డు ఆయన నావంక గుర్రుగా చూసేవాడు. మాస్టారు చెప్పింది చెయ్యి.

వీణింటి_పిల్ల:
పాతకాపు గారూ, లెక్క సరే గానీ డిస్కోలో బేస్ అన్ని నోట్లు ఎక్కడ వాయిస్తుందండీ? చాలా పాటల్లో ఉండేది ఆక్టేవే, అంటే ఒకే స్వరం రెండు స్థాయిల్లో. కింది నోటు, పై నోటు, బీటుకి రెండు. అంటే సెకనుకి నాలుగు. అక్కడ చూపుడువేలిని కింది తీగకీ, మధ్యవేలిని పై తీగకీ కాపలా పెడితే సరిపోతుంది. రెండో వేలి మోత కాస్త వేరుగా ఉన్నా నష్టం లేదు, పై నోటు ఎలాగూ వేరుగా వినపడాల్సిందే.

మాస్టారి నియమం బెడిసికొట్టేదీ ఇక్కడే. మధ్యలో ఒక్క డెడ్ నోట్ (శ్రుతి లేని టక్కు) వేశామా, వేళ్ల వంతు తారుమారు. చూపుడువేలు పై తీగకి ఎగబాకాలి, మధ్యవేలు కిందికి దిగాలి. ఆ గెంతులాటలో గ్రూవ్ చచ్చిపోతుంది. మా అమ్మమ్మ వీణ వాయించేటప్పుడు చూపుడువేలు, మధ్యవేలు మీటుతాయి, చిటికెనవేలు తాళం తీగల సంగతి చూసుకుంటుంది. ఎవరి పని వాళ్లది.

స్లాప్_సుబ్బడు:
అందరూ బొటనవేలిని మర్చిపోయారు! డ్రమ్మర్ లేని లోటు తీర్చడానికే బేసిస్టు లారీ గ్రాహమ్ స్లాప్ వాయింపు మొదలుపెట్టాడు. బొటనవేలి దెబ్బ కిక్ డ్రమ్ము, తీగ లాగుడు స్నేర్ డ్రమ్ము. అది నేర్చుకో బ్రో, ఈ గొడవే ఉండదు.

వీణింటి_పిల్ల:
వాడింకా రెండు వేళ్ల దగ్గరే కుంటుతున్నాడు, నువ్వు మూడోది కూడా ఇవ్వు.

వడపళని_పాతకాపు:
అమ్మాయ్, ఆక్టేవ్ విషయంలో నువ్వన్నది ఒప్పుకుంటా. నేనూ అలాగే వాయిస్తా, మాస్టార్లకి చెప్పను. కానీ ఫంక్ సంగీతం వేరు. ఒకే తీగ మీద గబగబా సిక్స్‌టీన్త్‌లు (బీటుకి నాలుగు నోట్లు) పడేచోట కాపలా పద్ధతి నడవదు. టవర్ ఆఫ్ పవర్ బ్యాండ్‌లో రోకో ప్రెస్టియా వాయించింది వినండి. సగం నోట్లకి శ్రుతే ఉండదు, ఎడమచేయి తీగని అదిమీ అదమకుండా ఉంచుతుంది, కుడిచేయి ఆగదు. అక్కడ రెండు వేళ్లూ సమానంగా పడాల్సిందే.

ఒంటివేలి వాదనకి బలం కావాలంటే జామర్సన్ కన్నా డిస్కో బ్యాండ్ షిక్‌లో బేస్ వాయించిన బెర్నార్డ్ ఎడ్వర్డ్స్‌ని తెచ్చుకో తమ్ముడూ. బొటనవేలితో చూపుడువేలిని గిటార్ మీటే పిక్ బిళ్లలా పట్టి, కిందికీ పైకీ కొట్టేవాడు. వేలు ఒకటే, పని రెండు వైపులా. చూపుడువేలి గోటికి కాస్త పొడుగుండాలి మరి.

మారతహళ్లి_కుర్రాడు:
గోరు అనగానే నా చేయి చూసుకున్నా. చూపుడువేలి గోరు కొరికేసి ఉంది (ఆఫీసు మీటింగుల పుణ్యం). మధ్యవేలిది పొడుగ్గా ఉంది, ప్రతి దెబ్బకీ తీగకి తగిలి టిక్కుమంటోంది! కత్తిరించి, బీటు కొట్టే మెట్రోనోమ్ 70లో పెట్టి ఫోన్‌లో రికార్డు చేశా. సగం కుంటు పోయింది. మిగతా సగం మాత్రం వేలిదే.

వడపళని_పాతకాపు:
ఇప్పుడు 60లో పెట్టు.