ఎల్‌ఈడీ అర సెకను: సైకిళ్లు లెక్కపెట్టి రాసినా సమయం ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న:
ఏటీమెగా 328పి అనే మైక్రోకంట్రోలర్ చిప్ మీద, 16 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో, పీబీ5 పిన్‌కు కలిపిన ఎల్‌ఈడీ సరిగ్గా అర సెకను వెలిగి అర సెకను ఆరేలా అసెంబ్లీలో డిలే లూప్ (ఖాళీగా తిరుగుతూ సమయం గడిపే చుట్టు) రాశాను. మూడు రిజిస్టర్లలో ఉంచిన 24 బిట్ల సంఖ్యను తీసివేత ఆదేశాలైన ఒక ఎస్‌యూబీఐ, రెండు ఎస్‌బీసీఐలతోనూ, సున్నా కాకుంటే వెనక్కి దూకే ఒక బీఆర్‌ఎన్‌ఈతోనూ సున్నా దాకా తగ్గిస్తున్నాను. చుట్టుకు 5 సైకిళ్లు (క్లాక్ స్పందనలు) కాబట్టి 16,00,000 చుట్లకు 80,00,000 సైకిళ్లు పట్టాలి. ఇంటరప్ట్‌లన్నీ (నడుస్తున్న పనిని మధ్యలో ఆపే సంకేతాలు) ఆపే ఉంచాను. అయినా గంట గడిచేసరికి ఎల్‌ఈడీ దాదాపు 7 సెకన్లు వెనకబడుతోంది. తప్పు ఎక్కడుందో దయచేసి చెప్పగలరా?

జవాబు 1:
మీ లెక్కలో చిన్న తప్పు ఉన్న మాట నిజమే. బీఆర్‌ఎన్‌ఈ వెనక్కి దూకినప్పుడు 2 సైకిళ్లు తీసుకుంటుంది, దూకకుండా కిందికి వచ్చే చివరిసారి మాత్రం ఒక్కటే తీసుకుంటుంది. లూప్‌కు ముందున్న రిజిస్టర్లలో సంఖ్యను నింపే మూడు ఎల్‌డీఐలకు 3, పిన్‌ను తిప్పే ఎస్‌బీఐకి 2, మొదటికి పంపే ఆర్‌జంప్‌కు 2 కలిపితే మొత్తం చుట్ల సంఖ్యకు 5 రెట్లు, పైన 6 అవుతుంది. చుట్లను 15,99,998కి తగ్గించి, ఏమీ చేయకుండా ఒక్కో సైకిల్ గడిపే నాలుగు నాప్‌లు చేరిస్తే సరిగ్గా 80,00,000 వస్తాయి.

అయితే ఆ 6 సైకిళ్ల వల్ల గంటకు వచ్చే తేడా 2.7 మిల్లీసెకన్లే. మీరు చెబుతున్న 7 సెకన్లు దాదాపు 0.2 శాతం. అంత తేడా ప్రోగ్రాములోంచి కాక, క్లాక్‌లోంచే వస్తూ ఉండాలి. మీ బోర్డు మీద చిప్‌కు క్లాక్ ఇస్తున్నది క్రిస్టలా, సిరామిక్ రెజొనేటరా? రెజొనేటర్‌లో 0.5 శాతం దాకా తేడా మామూలే.

ప్రశ్న అడిగినవారు:
చూశాను, మూడు కాళ్ల రెజొనేటరే ఉంది. క్రిస్టల్ ఉన్న మరో బోర్డు మీద, మీరు చెప్పిన సవరణతో అదే ప్రోగ్రామును గంటసేపు నడిపితే తేడా కంటికి ఆనలేదు. ఇన్నాళ్లూ నాప్‌లు అటూ ఇటూ మారుస్తూ కూర్చున్నాను.

జవాబు 2:
క్రిస్టల్ పెట్టుకున్నాక కూడా, ప్రోగ్రాములో వేరే పని చేర్చాలనుకుంటే ఈ లూప్‌ను వదిలేయడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఒక్క ఇంటరప్ట్‌ను అనుమతించినా మీరు లెక్కపెట్టిన సైకిళ్ల మధ్యలో అది దూరుతుంది. ఎల్‌ఈడీని పీబీ1కి మార్చి, చిప్‌లోని టైమర్ 1ను సీటీసీ పద్ధతిలో (లెక్క మనం పెట్టిన హద్దుకు చేరగానే సున్నాకు తిరిగే పద్ధతి) పెట్టి, పోలిక కుదిరిన ప్రతిసారీ పిన్‌ను హార్డ్‌వేరే తిప్పేలా అమర్చండి. ప్రీస్కేలర్ (క్లాక్‌ను భాగించేది) 256 అయితే సెకనుకు 62,500 లెక్కలు, అర సెకనుకు 31,250. టైమర్ సున్నా నుంచి లెక్కిస్తుంది కనుక ఆ హద్దును ఉంచే ఓసీఆర్1ఏ రిజిస్టర్‌లో రాయవలసింది 31,249. అక్కడ 31,250 అని రాస్తే, క్రిస్టల్ ఎంత మంచిదైనా ఎల్‌ఈడీ రోజుకు 2.76 సెకన్లు వెనకబడుతుంది.