గిన్నీ కోళ్లు పక్కింటి గడ్డిలో గుడ్లు పెడుతున్నాయి, పిల్లలు తీయించేది ఎలా?

పెరటిగూడు (ఖమ్మం):
నమస్తే అండి. ఊరి శివార్లో ఉంటాం, పెరట్లో నాటుకోళ్లతో పాటు నిరుడు సంతలో పిల్లలుగా కొన్న గిన్నీ కోళ్లు ఏడు ఉన్నాయి. వాటి గోలకి మా ఆవిడ రోజూ నన్ను తిడుతుంది, అది వేరే సంగతి. ఎండలు ముదిరినప్పటి నుంచి ఎదురుచూస్తున్నా ఒక్క పెట్టా గూట్లో గుడ్డు పెట్టిన పాపాన పోలేదు. మొన్న పక్కింటివాళ్లు నేపియర్ గడ్డి కోస్తుంటే కొడవలి ముందు నుంచి ఓ పెట్ట గయ్యిమని లేచింది. చూస్తే గుంటలో ఇరవైకి పైనే గుడ్లు! అన్నీ ఇంటికి తెచ్చేశాం. మా నాటు పెట్ట ఒకటి పొదుగు మీద ఉంది, దాని కింద దాని గుడ్లే ఐదున్నాయి. వీటిని కూడా అందులోనే వేసేయొచ్చా? ఇకమీదట గూట్లోనే పెట్టేలా ఏం చేయాలి? వీటిలో పుంజులెన్నో పెట్టలెన్నో కూడా నాకు తెలియడం లేదు.

మెషిన్ అన్న (కరీంనగర్):
అన్నా, ఇంక్యుబేటర్ (గుడ్లు పొదిగే మెషిన్) తీసుకో, టెన్షన్ ఉండదు. ఫ్యాన్ ఉన్నదైతే 37.5 డిగ్రీలు, తేమ 55 నుంచి 60 శాతం. రోజుకి మూడుసార్లైనా గుడ్లు తిప్పాలి. 25వ రోజు తిప్పడం ఆపేసి తేమ 70 దాకా పెంచాలి. ఇక మూత తెరవొద్దు. కరెంటు పోతే మాత్రం ఇన్వర్టర్ ఉండాలి.

లంకపెరడు (కోనసీమ):
బాబూ, ముందు ఆ ఐదు గుడ్లతో వీటిని కలపకండి. నాటుకోడి గుడ్డు 21 రోజులకి పగులుతుంది, గిన్నీ గుడ్డుకి 26 నుంచి 28 రోజులు కావాలి. తన పిల్లలు బయటపడగానే పెట్ట వాటిని వెంటేసుకుని లేచిపోతుంది. మీ గిన్నీ గుడ్లు లోపల పిల్ల దాదాపు తయారయ్యాక చల్లబడి పోతాయి.

ఇక తెచ్చిన గుడ్లు. అవి ఒక్క పెట్టవి అయ్యుండవు, రెండు మూడు కలిసి ఒకే గుంటలో పెడతాయి. కాబట్టి ఏది ఎప్పటిదో చెప్పలేం. రాత్రి చీకటి గదిలో ఫోన్ టార్చ్ మీద పెట్టి చూడండి. పెంకు మందం, రంగు కూడా ముదురు, నాటు గుడ్డులా తేలిగ్గా కనబడదు, ఓపిక పట్టాలి. ఎర్రగా నరాలు కనబడితే పిల్ల మొదలైనట్టే, వాటిని ఆలస్యం చేయకుండా వేరే పొదుగు పెట్ట కిందకి చేర్చండి. ఏమీ లేనివాటిని పొదుగుకి పెట్టడం దండగ. నీళ్లలో వేసి, తేలినవి పారేయండి, మునిగినవి ఒక్కొక్కటీ విడిగా పగలగొట్టి చూసుకుని అట్టు వేసుకోండి. మా ఇంట్లో నాటు గుడ్డు కన్నా దీనికే గిరాకీ.

పెట్ట కింద 12 నుంచి 15 దాకా పెట్టొచ్చు. గుడ్డు చిన్నది కదా, ఇంకో నాలుగు పడతాయని ఆశపడతారు. రెక్క కింద నుంచి ఒక్కటి బయటికి కనబడినా ఎక్కువైనట్టే. పెట్ట గుడ్లని అటూ ఇటూ జరుపుతుంది గదా, ఇవాళ అంచున ఉన్నది రేపు మధ్యకి పోయి మధ్యలోది అంచుకి వస్తుంది. అలా ఒకదాని తర్వాత ఒకటి అన్నీ చల్లబడతాయి.

గూట్లో పెట్టించడానికి నేను చేసేది చెబుతాను. గిన్నీ పెట్ట ఎక్కువగా పొద్దెక్కాక, మధ్యాహ్నం లోపు పెడుతుంది. గుడ్ల కాలమంతా రెండు గంటల దాకా బయటికి వదలను. గూట్లో ఒక మూల గోడకి కొబ్బరి మట్టలు ఏటవాలుగా ఆనించి, వెనకాల ఎండుగడ్డి పరుస్తాను. దానికి కావాల్సింది చాటు, మనం కొనిపెట్టే పెట్టె కాదు. మీ దగ్గరున్న పాత గుడ్లలో ఒక ఐదింటికి పెన్సిల్‌తో గుర్తుపెట్టి అక్కడ ఉంచండి. గుర్తు లేనివే రోజూ తీయండి. గుంట ఖాళీ అయితే ఆ చోటు వదిలేస్తుంది. తీసినవి చల్లటి గదిలో, మొన కిందికి ఉండేలా పెట్టుకోండి, వారం దాటనివ్వకండి. చేయి తగిలితే వాసన పడుతుందని గరిటెతో తీసేవాళ్లున్నారు. నేను చేత్తోనే తీస్తాను, పెట్ట అక్కడ లేనప్పుడు.

రాళ్లసీమ రైతు (అనంతపురం):
అక్కా, మా తోటలో గిన్నీ పెట్టలే పొదుగుతాయి, పిల్లల్నీ అవే తిప్పుకుంటాయి. నాటుకోడి ఎందుకు?

లంకపెరడు (కోనసీమ):
మీ నేల పొడి నేల తమ్ముడూ. అది ఆఫ్రికా గడ్డి మైదానాల పక్షి, మీ దగ్గర దానికి పుట్టింట్లో ఉన్నట్టే ఉంటుంది. మా దగ్గర తెల్లారేసరికి గడ్డంతా మంచు. గిన్నీ తల్లి ఆ తడిలోనే పిల్లల్ని పరుగులు పెట్టిస్తుంది, ఎవరు వెనకబడ్డారో చూడదు. తడిసి వణికిన పిల్ల మధ్యాహ్నానికి ఉండదు. నాటుకోడి అయితే ఆగుతుంది, పిలుస్తుంది, రెక్కల కింద పెట్టుకుంటుంది. ఖమ్మంలో కూడా పిల్లలు దిగేసరికి వానలు మొదలవుతాయి కాబట్టి చెప్పాను. ఆపైన ఆరుబయట పొదిగే పెట్టని ముంగిస, కుక్క వదలవు.

చుక్కల కోడి (హైదరాబాద్):
పుంజు, పెట్ట తేడా అరుపులో తెలుస్తుందండి. పెట్ట రెండు ముక్కలుగా అరుస్తుంది, ‘కట్‌రేక్, కట్‌రేక్’ అన్నట్టు. పుంజుకి ఆ రెండు ముక్కల అరుపు రాదు, ఒకే ముక్కని గబగబా అంటుంది. పెట్ట కూడా అప్పుడప్పుడు అలా అంటుంది కాబట్టి రెండు ముక్కలు వినబడిన కోడి కాలికి దారం కట్టుకుంటూ పోండి. పుంజు దవడ కింద వేలాడే ఎర్ర తోలు కూడా పెద్దది. నాలుగైదు పెట్టలకి ఒక పుంజు ఉంటే చాలు.

పెరటిగూడు (ఖమ్మం):
అందరికీ థ్యాంక్స్. నరాలు కనబడినవి ఎనిమిది. ఇంకో నాటు పెట్ట కూడా గంపలో కూర్చుని దగ్గరికెళ్తే గుర్రుమంటోంది, దాని కింద వేసేశాం. అమ్మా, పిల్లలు దిగాక మేత ఏం పెట్టాలి?

లంకపెరడు (కోనసీమ):
ఒట్టి నూకలతో సరిపెట్టకండి. నాటు పిల్లల కన్నా వీటికి మాంసకృత్తులు ఎక్కువ కావాలి, 24 శాతం పైన. టర్కీ పిల్లల మేత దొరికితే అదే మేలు. లేకపోతే బ్రాయిలర్ ప్రీ స్టార్టర్ (బ్రాయిలర్ పిల్లలకి తొలి రోజుల్లో పెట్టే మేత) తెచ్చి, ఉడికించిన గుడ్డు చిదిమి కలపండి. నీళ్లు లోతు లేని పళ్లెంలో పోసి గులకరాళ్లు వేయండి, గిన్నెలో పోస్తే మునిగిపోతాయి. కింద న్యూస్ పేపర్ వద్దు, జారి కాళ్లు పక్కలకి వంకరపోతాయి, గోనెపట్టా పరవండి. నెల దాకా తల్లితో సహా పొడి గూట్లోనే ఉంచి, ఆ తర్వాత ఎండ బాగా వచ్చాకే వదలండి. రోజూ సాయంత్రం గూట్లోనే జొన్నలు చల్లుతూ ఉండండి. ఆ అలవాటు చేయకపోతే పెద్దయ్యాక చెట్టెక్కి పడుకుంటాయి, మళ్లీ గుడ్ల కోసం మీరు పక్కింటి గడ్డి వెతుక్కోవాలి.