వేడినీళ్ల ట్యాంకుకు భూకంపం పట్టీ: నడుముకు ఒక్కటి చాలదా?

గోడపక్క:
గ్యాస్‌తో వేడెక్కే 180 లీటర్ల నిలువు ట్యాంకు, వెనక చెక్క ఫ్రేము గోడ. నడుముకు చిల్లుల జీఐ (జింకు పూత ఉక్కు) పట్టీ ఒకటుంది, ఇనప పైపులు గట్టిగానే ఉన్నాయి. ఇది చాలని నా వాదన. చాలదంటే కారణం చెప్పండి.

కొలతబద్ద:
చాలదండీ. నీళ్లే 180 కిలోలు, ట్యాంకు బరువు అదనం. నడుముకు ఒక్కటే ఉంటే ట్యాంకు దాని మీదే ఊగి, ట్యాంకు అడుగుభాగం ముందుకు జారిపోతుంది. ఎత్తును మూడు భాగాలు చేసి పై భాగంలో ఒకటి, కింది భాగంలో ఒకటి వేయాలి. కింది పట్టీ, మంటను అదుపుచేసే గ్యాస్ కంట్రోల్‌కు కనీసం 10 సెం.మీ. పైన ఉండాలి. పైపుల మీద నమ్మకం వద్దు. మర కోసిన చోట పైపు పలచబడుతుంది, విరిగేది అక్కడే.

గోడపక్క:
చిల్లుల పట్టీ కూడా ఉక్కే కదా?

పైపులపని:
ఉక్కే, కానీ చిల్లు దగ్గర మిగిలేది రెండు సన్నటి అంచులు. మెలితిప్పి బిగిస్తే అక్కడే చిరుగుతుంది. 25 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న నిండు పట్టీ తీసుకోండి. అయితే కొలతబద్ద గారూ, నా లెక్కలో ముందు మార్చాల్సింది పైపులు. ట్యాంకు కాస్త కదిలి గ్యాస్ పైపు విరిగినా ఇల్లు అంటుకుంటుంది. వంగే పైపులు వేశాకే పట్టీలు.

కొలతబద్ద:
ఒప్పుకోనండీ. వంగే పైపు కాస్త కదలికనే ఓర్చుకుంటుంది, ట్యాంకు పడితే అదీ తెగుతుంది. ముందు పట్టీలే. అసలు తప్పు జరిగేది గోడ దగ్గర. ప్లాస్టర్ బోర్డులోకి మాత్రమే దిగిన స్క్రూ గట్టి కుదుపుకు ఊడొస్తుంది. బోర్డు వెనక నిలువు చెక్క వెతికి, 8 మి.మీ. కోచ్ స్క్రూ (పానాతో తిప్పే లావు చెక్క స్క్రూ) వాషరుతో సహా, చెక్కలోకి 50 మి.మీ. దిగేలా బిగించాలి. ముందు సన్న బెజ్జం వేయకపోతే చెక్క చీలుతుంది. ట్యాంకు వెనక ఖాళీని చెక్క దిమ్మెతో నింపండి. లేకపోతే అది వెనక్కెళ్లి గోడను గుద్ది, అదే ఊపున ముందుకొచ్చి స్క్రూలను గుంజుతుంది.

గోడపక్క:
ఒక్క పట్టీ వాదన వదులుకున్నాను. గట్టిగా బిగిస్తే ట్యాంకు బయటి రేకు సొట్టపడదా?

పైపులపని:
మరీ లాగితే పడుతుంది. చేత్తో జరిపితే జరగనంత చాలు. ఒత్తిడి ఎక్కువైతే వదిలే రిలీఫ్ వాల్వుకు పట్టీ అడ్డం రాకూడదు. ట్యాంకు నిలబడితే సరఫరా ఆగిన రోజు ఆ నీళ్లు అక్కరకొస్తాయి. గ్యాస్ ఆపి, చన్నీళ్ల వాల్వు కట్టేసి, గాలి ఆడేందుకు వేడినీళ్ల కుళాయి ఒకటి తెరిచి, అడుగు కుళాయి నుంచి పట్టుకోండి. చాలాసేపు వేడిగానే ఉంటాయి, చేతులు జాగ్రత్త.